అద్దెకిచ్చిన ఎడంచెయ్యి

మా పాప హెప్సిని నిద్రపుచ్చే చెయ్యి కొన్నాళ్ళు వేరొకరి భుజానికి ఉంది. ఈ మాట అంటే ఎవరైనా నా మొహంలోకి అదోలా చూస్తారు. అందుకే మొదటినుంచీ చెప్తాను.

మా ఆయన గిద్యోను ఎడంచేతి స్పిన్నర్. మాది రాజోలు దగ్గర లంక. సైకిల్ ట్యూబులు కోసి చుట్టిన రబ్బరు బంతితో గోదారి ఇసకలో నేర్చిన ఆట ఆయనది. మస్కట్‌లో కార్గో కంపెనీ గోడౌన్ పనికి వచ్చి, శుక్రవారాలు కంపెనీ జట్టుకి ఆడుతూ ఆడుతూ ఒమన్ దేశం జట్టులోకి వెళ్ళారు. పుట్టిన దేశం కాదు, వీసా మీద ఉంటున్న దేశం. అయినా ఆ జెర్సీని వేరే బట్టలతో కలిపి ఉతకనిచ్చేవారు కాదు.

చిన్న జట్ల ఆటగాళ్ళను లీగులు ఎగరేసుకుపోవడం అప్పటికే పాతబడింది. దేశం కాంట్రాక్టు వదిలి లీగుకి పోయినవాళ్ళ పేర్లు మా ఇంట్లో రోజూ వినపడేవి. చివరికి చిన్న దేశాల క్రికెట్ బోర్డులన్నీ కలిసి లీగులాడటానికి సెలవులివ్వడం మానేశాయి. అప్పుడు లీగ్ వాళ్ళు ఇంకో దారి కనిపెట్టారు. మనిషితో పనిలేదు, చెయ్యి నేర్చుకున్న విద్య చాలు, దాన్ని పడుచువాడి ఒంట్లోకి ఎక్కించుకుంటాం అన్నారు.

మా ఆయనకి ఆ కబురు వచ్చినప్పుడు హెప్సికి ఇంకా పాకడం కూడా రాదు.

"బోర్డు కాంట్రాక్టు ఏడాదికోసారి, కెజియా," అన్నారాయన, మిద్దె మీద బట్టలు తీస్తుంటే వెనకాలే వచ్చి. "వేలు వాచిందంటే వచ్చే ఏడు ఉండదు. అది పోతే కంపెనీకి నేను గోడౌన్ కుర్రాణ్ణే. ఆనక వీసా. ఒకటెనక ఒకటి పోతాయి."

"మరి పెద్ద కప్పులోకి తీసుకెళ్ళే క్వాలిఫయర్ మ్యాచో? హమూద్ గారు మీ మీదే ఆశ పెట్టుకున్నారన్నారు కదండీ."

హమూద్ జట్టు కెప్టెన్. మా పెళ్ళయిన కొత్తలో మా ఇంటికొచ్చి రొయ్యల కూర తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, కారానికి.

"హమూద్‌కి ఇది సొంతూరు. ఓడిపోయినా ఇక్కడే ఉంటాడు," అన్నారు.

తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని, ఇలాంటివి నాకేం తెలుస్తాయి. అయినా ఊరుకోలేకపోయాను.

"చెయ్యి ఇచ్చేయడమేంటండీ? ఇచ్చేశాక మనకేం మిగుల్తాది?"

"చెయ్యి ఎక్కడికి పోద్దే పిచ్చిదానా! బస్తా ఎత్తొచ్చు, బస్సాపొచ్చు. బంతి ఒక్కటే తిప్పలేను. రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే చేతికి అద్దె వత్తాది, ఆనక విద్యా తిరిగిచ్చేత్తారు."

పై వాటాలో ఉండే సుగుణమ్మ పిన్ని మలికిపురం మనిషి. అరబ్బుల ఇంట్లో వంటపని చేస్తుంది. విషయం తెలిసి మెట్ల మీదే కూలబడి నవ్వింది.

"మీ ఆయన చెయ్యి ఒక్కటే అద్దెకిచ్చాడా! మా ఆయన్ని మొత్తంగా ఇచ్చేత్తాను, తీసుకుంటారేమో కనుక్కోవే. తిరిగివ్వక్కర్లేదని కూడా చెప్పు."

నేనూ నవ్వాను. నవ్వుతూనే పిల్లని గట్టిగా హత్తుకున్నాను.

ఆ పని చేసే ల్యాబ్ ఒమన్ సరిహద్దు అవతల ఊళ్ళో. పాలు తాగే పిల్ల కాబట్టి నేనూ వెళ్ళాల్సి వచ్చింది. అక్కడి డాక్టర్ వారిజ గారు కాకినాడావిడ. తెలుగు మాట వినగానే నా భయం సగం తగ్గింది. ఒక పెద్ద హాల్లో పిచ్ పరిచారు. మా ఆయన వేలికో సన్నటి తీగ, మోచేతికి రెండు, మెడ వెనక ఒక పట్టీ అంటించారు. ఆయన బంతి వేసినప్పుడల్లా తెర మీద ముగ్గులాంటి గీతలు మెరిసి ఆరిపోతున్నాయి.

"నేర్చుకున్న పని నరాల్లో దారి చేసుకుంటుందమ్మా," అన్నారు డాక్టర్ గారు తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. "చేలో రోజూ నడిస్తే బాట పడుతుంది చూడు, అలాగ. మేం ఆ బాటని తీసుకెళ్ళి ఇంకో చేలో వేస్తాం."

"మరి ఇక్కడి బాటో?"

"గడ్డి మొలిపిస్తాం. అది ఒక్క చోటే ఉండాలని లీగ్ షరతు. రెండు చోట్ల ఉంటే ఈయన మీ దేశానికీ ఆడేస్తారు కదా!"

బంతి వెనక బంతి వేస్తున్నా గీతలు చిక్కుపడుతూనే ఉన్నాయి. చెయ్యి బిగుసుకుపోతోందని, వదులుగా వేయమని ఆవిడ చెప్తున్న కొద్దీ ఆయన ఇంకా బిగుసుకుంటున్నారు. ఇంతలో హెప్సి అందుకుంది ఏడుపు. నేను తిప్పాను, ఊపాను, పాలిచ్చాను. హాలంతా మారుమోగిపోతోంది. చివరికి ఆయనే వచ్చి పిల్లని భుజాన వేసుకున్నారు.

మా వైపు మగాళ్ళు పిల్లల్ని జోకొట్టడం తక్కువ. ఈయన మటుకు పుట్టిన రోజునుంచీ జోకొట్టారు. వేళ్ళతో రెండు, అరచేత్తో ఒకటి, తర్వాత ఒక్క ఊపిరంత ఆగడం. నేను కొడితే ఆ పిల్ల వీపు విరుచుకునేది. ఆయన చెయ్యి పడితే చాలు, కాళ్ళు వేలాడేసేది.

"ఆగండి," అన్నారు డాక్టర్ గారు. "పాపని అమ్మకిచ్చేయండి, తీగలు తీసి కాసేపు విరామం ఇద్దాం."

"వద్దండీ," అన్నాను నేను. "జోకొట్టే చెయ్యి మధ్యలో మారకూడదండీ. మారిస్తే పిల్ల బెదురుద్ది. నిద్రపోయేదాకా అదే చెయ్యి ఉండాల."

మా అమ్మమ్మ మాట అది. మా ఇంట్లో చిన్నపిల్లలున్నన్నాళ్ళూ వేదం. డాక్టర్ గారు ఏదో అనబోయి తెరవైపు చూశారు. గీతలు చిక్కు విడి నీళ్ళలా పారుతున్నాయి.

"అరె! చెయ్యి ఇప్పుడు కదా వదులైంది. సరే, అలాగే ఉండండి. అలా జోకొడుతూనే మధ్యలో ఒక్కో బంతి వేయండి, పాప కుడి భుజం మీద ఉంటుంది."

అలాగే చేశారు. ఒక బంతి, కాసేపు జో, ఒక బంతి. హెప్సి ఆయన భుజం మీద చొంగ కారుస్తూ నిద్రపోయింది. ఎంత ముచ్చటగా ఉందని నేను మనసులో మురిసిపోయాను.

విద్య వాళ్ళకిచ్చి ఇంటికొచ్చాక మొదట అంతా నవ్వులాటే. ఆయన బంతి పట్టుకుని వేస్తే అది కాళ్ళ మీద పడింది. చిన్నపిల్లాడు రాయి విసిరినట్టు ఇంకోటి గోడ మీదికి పోయింది. "చూశావా, అచ్చం నీ బౌలింగే!" అన్నారు నాతో. బస్తా ఎత్తారు. గ్లాసు పట్టారు. అన్నీ బాగానే ఉన్నాయి.

సాయంత్రం హెప్సి నిద్రకి ఏడిచింది. ఆయన భుజాన వేసుకుని వీపు మీద చెయ్యి పెట్టారు. చెయ్యి అక్కడ అలాగే ఉండిపోయింది. నేను కూర తిప్పుతూ జో చప్పుడు కోసం చెవి వేసి ఉన్నాను. ఎంతకీ వినపడదు. వెళ్ళి చూస్తే, తడిబట్ట ఆరేసినట్టు ఆ చెయ్యి పిల్ల వీపు మీద ఉంది. ఆయన మొహం నిండా చెమట.

"ఎలా కొట్టేవాణ్ణే?" అన్నారు.

"అదేంటండీ?"

"ఎలా కొట్టేవాణ్ణో చెప్పవే. గుర్తే రావట్లేదు."

వేళ్ళతో రెండు, అరచేత్తో ఒకటి అని చెప్పాను. ఆయన కొట్టారు. తలుపు కొట్టినట్టుంది. పిల్ల ఉలిక్కిపడి నావైపు చేతులు చాచింది. కుడిచేత్తో కొట్టినా అంతే. ఎడంచేతినే చూసుకుంటూ కూర్చున్నారు. ఆ చూపు ఇంకా నా కళ్ళల్లోంచి పోలేదు. శవం పక్కన కూర్చున్నవాళ్ళ చూపు అది.

లీగ్ మొదలైంది. మా ఆయన విద్యని ఎక్కించుకున్నవాడు మిలన్ గురుంగ్ అని నేపాల్ కుర్రాడు. వాళ్ళ దేశం జట్టులో చోటు వదులుకుని మరీ వచ్చాడట. టీవీలో మొదటిసారి చూసినప్పుడు నేను పీట మీద నుంచి లేచి నిలబడిపోయాను. మొహం వేరు, రంగు వేరు, ఎత్తు వేరు. కానీ బంతి వదిలేటప్పుడు మణికట్టు విరిచిన తీరు మా ఆయనదే. వదిలాక చూపుడువేలు చొక్కాకి తుడుచుకోవడమూ ఆయనదే. పక్కనే మా ఆయన మంచం మీద కూర్చుని, అద్దంలోంచి ఎవరో తనని చూస్తున్నట్టు చూస్తున్నారు.

వికెట్ పడింది. వాళ్ళ జట్టంతా గంతులేస్తోంది. మిలన్ ఒక పక్కగా నిలబడి తొడ మీద చెయ్యి ఆడించాడు. వేళ్ళతో రెండు, అరచేత్తో ఒకటి. ఆగాడు. మళ్ళీ.

అప్పటిదాకా పేచీ పెడుతున్న హెప్సి నోరు మూసింది.

తర్వాత్తర్వాత అది అలవాటైంది. మ్యాచ్ వస్తే చాలు, పాక్కుంటూ టీవీ దగ్గరికి వెళ్ళేది. తెరవైపు చూసేది కూడా కాదు. వెనక్కి తిరిగి, తెరకి వీపు ఆనించి కూర్చునేది. ఎవరో వీపు మీద చెయ్యి వేస్తారని ఎదురుచూస్తున్నట్టు. అలాగే తూగి పక్కకి ఒరిగిపోయేది. మ్యాచ్ లేని రోజుల్లో ఏడిచి ఏడిచి సొమ్మసిల్లేది. మా ఆయన ఎత్తుకోబోతే చెయ్యి వాసన చూసినట్టు చూసి మొహం తిప్పుకునేది.

"టీవీ పీకి పారేత్తాను," అన్నారు ఒకసారి.

"పారేసి ఏం చేత్తారండీ? అదొక్కటే నిద్ర దానికి."

ఆ మధ్యలోనే క్వాలిఫయర్ మ్యాచ్ వచ్చింది. మస్కట్ పక్కన అమరాత్ కొండల కింద గ్రౌండుకి ముగ్గురం వెళ్ళాం. చివరి ఓవర్లలో బంతి తిప్పేవాళ్ళు లేక మన జట్టు ఓడిపోయింది. జనం లేచిపోతుంటే హమూద్ కంచె దగ్గరికి వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు. మా ఆయన ఎడంచెయ్యి తీసుకుని, అరచెయ్యి పైకి తిప్పి చూసి, మెల్లిగా వదిలేసి వెళ్ళిపోయాడు. దారి పొడుగునా ఆయన ఆ చెయ్యిని జేబులోంచి తీయలేదు.

మర్నాడు నేనే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఏడుస్తూ ఏం చెప్పానో నాకే తెలీదు. ఆవిడ ఆ రోజు గీతల్ని మళ్ళీ తెర మీద వేసి చూసుకున్నారు.

"ఆ రోజు జోకొట్టిన దారి కూడా బంతి దారితో కలిసి వచ్చేసింది," అన్నారు చివరికి. "రెండూ పెనవేసుకుపోయాయి. విడదీయడం రాదు. తప్పు మాదేనమ్మా. తీగలు తీసేయాల్సింది."

"నేను వద్దన్నాను కదండీ."

"నువ్వు తల్లివి. నేను డాక్టర్‌ని. నేను వినకుండా ఉండాల్సింది. తప్పు మా వైపుది కాబట్టి గడువుకి ముందే అడిగే హక్కు మీకుంది. అడిగితే ఇచ్చి తీరాలి. కాకపోతే ఒక మాట. ఆ నేపాల్ అబ్బాయికీ సొంత విద్య ఉండేది. మీది వేయడానికి అతని చేను మొత్తం దున్నేశాం. గడువు అయ్యేలోపు కొత్తది చూసి వేస్తామని మాటిచ్చాం. ఇప్పుడు మధ్యలో తీసేస్తే అతని చేతిలో ఏమీ ఉండదు. లీగ్ వాళ్ళు ఖాళీ చేతిని అట్టేపెట్టుకోరు."

ఆ మాట మా ఆయనకి చెప్పాను. "అయితే అడగొద్దు," అన్నారు వెంటనే. నేను ఒప్పుకోలేదు. మేం అంతలా దెబ్బలాడుకున్నది ఎప్పుడూ లేదు. పై నుంచి సుగుణమ్మ పిన్ని దిగొచ్చి పిల్లని ఎత్తుకెళ్ళిపోయింది.

పిలవకుండానే మిలన్ మా ఇంటికి వచ్చాడు. జట్టు మస్కట్‌లో ఆగిందట, డాక్టర్ గారు అడ్రసు ఇచ్చారట. మిట్టమధ్యాహ్నం ఎండలో గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, లోపలికి రావచ్చా అని హిందీలో అడిగాడు. టీవీలో కన్నా చిన్నవాడు. మీసం కూడా సరిగా రాలేదు. నీళ్ళ గ్లాసు ఎడంచేత్తో అందుకున్నాడు. తాగాక చూపుడువేలు చొక్కాకి తుడుచుకున్నాడు.

"దీదీ, నాకు పెళ్ళి కాలేదు," అన్నాడు. "కానీ నా చెయ్యి ఎవరికోసమో వెతుక్కుంటుంది. దిండుని కొడుతుంది, బస్సు సీటుని కొడుతుంది. పోఖరాలో మా అమ్మ చూసి, ఎవరి బిడ్డని వదిలేసి వచ్చావురా అని నన్ను నిలదీసింది. డాక్టరమ్మ నిన్న చెప్పారు. ఒక్కసారి చూడొచ్చా?"

మా ఆయన లేచి లోపల్నుంచి హెప్సిని తీసుకొచ్చారు. కొత్తవాళ్ళంటే గుక్కపెట్టే పిల్ల అది. అతని మొహం వైపు కూడా చూడలేదు. చేతులు చాచి అతని భుజం మీదికి వాలిపోయింది. చెయ్యి దానంతటదే లేచింది. వేళ్ళతో రెండు, అరచేత్తో ఒకటి. గదిలో ఆ చప్పుడు తప్ప ఏమీ లేదు. హెప్సి కాళ్ళు వేలాడేసింది. అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం లయ తప్పలేదు.

మా ఆయన గోడకానుకుని చూస్తున్నారు. పరాయివాడి భుజానికి తన చెయ్యి, దాని కింద తన బిడ్డ.

"బాగా ఆడుతున్నావు," అన్నారు చివరికి. "ఆ నేరుగా పోయే బంతి, దాన్ని ఇంకాస్త దూరంగా వదులు."

"మీరే వదులుతున్నారు భయ్యా. నేను మోస్తున్నానంతే."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు.

"మీరు అడిగితే ఇచ్చేయాలట కదా," అన్నాడు మిలన్, నావైపు తిరిగి. అది అడగడానికే వచ్చాడని అప్పుడు అర్థమైంది. "మా బోర్డు వాళ్ళు నన్ను మళ్ళీ పిలవరు. నేను వదిలేసి వచ్చిన చెయ్యి కూడా ఇప్పుడు నాకు లేదు. లీగ్ కూడా పొమ్మంటే నేను ఎవరికి ఆడాలి దీదీ?"

మా ఆయన నోరు తెరవబోయారు. వద్దు, ఉంచుకో అంటారని తెలుసు. ఆయన అనే లోపే అనేశాను.

"నా పిల్లకి తండ్రి కావాలి బాబూ."

చాలా చిన్న గొంతుతో అన్నాను. అయినా అతనికి వినపడింది. తల ఊపాడు. హెప్సి బాగా నిద్రలోకి జారేదాకా చెయ్యి మార్చకుండా కొట్టాడు. తర్వాత మంచం మీద పడుకోబెట్టి, చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. దిగుతున్నంతసేపూ చెయ్యి కమ్మీ మీద ఆడుతూనే ఉంది. వినపడనంత దూరం పోయేదాకా విన్నాను.

చెయ్యి తిరిగి వచ్చింది. ల్యాబ్‌లో మా ఆయన మొదటి బంతి వేస్తే, అది తిరిగి స్టంపుకి తగిలింది. డాక్టర్ గారు చప్పట్లు కొట్టలేదు. మిలన్ పక్క గదిలో ఉన్నాడని, చొక్కా గుండీలు నర్సు పెడుతోందని చెప్పారు. అతను మమ్మల్ని చూడటానికి ఇష్టపడలేదు. నేనే తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. లీగ్ వాళ్ళు ఆ వారమే అతణ్ణి పోఖరాకి పంపేశారు. హమూద్ ఫోన్ చేశాడు. వచ్చే సీజన్‌కి మా ఆయన మళ్ళీ జట్టులో ఉన్నారు.

ఇంటికి వచ్చిన సాయంత్రం నేను కూర తిప్పుతున్నాను. హెప్సి అప్పటికి తప్పటడుగులు వేస్తోంది. నిద్రకి ఏడుస్తూ మా ఆయన కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. భుజాన వేసుకున్నారు. చెవి వేసి విన్నాను.

వేళ్ళతో రెండు. అరచేత్తో ఒకటి.

దేవుడికి దండం పెట్టుకుని తొంగి చూశాను.

మళ్ళీ రెండు, ఒకటి. ఆ తర్వాత, ఊపిరంత ఆగాల్సిన చోట, బొటనవేలితో వీపు మీద మెల్లిగా ఒక సున్నా.

నేను గరిటె పక్కన పెట్టి వెళ్ళాను. ఆయనా దాన్నే గమనిస్తున్నారు. తన చేతినే చూస్తున్నారు.

"ఇది మీరు ఎప్పుడూ చేసేవారు కాదు కదండీ," అన్నాను.

"నేను చేయట్లేదు."

"మరి?"

"మిలన్ వాళ్ళమ్మ అలా రాసేదేమోనే, వాడి చిన్నప్పుడు. మొత్తం దున్నేశామన్నారు. ఇదొక్కటి ఉండిపోయినట్టుంది. వాడిది. దీన్ని కూడా తెచ్చేసుకున్నామే."

మర్నాడు ఆ వేలిని బిగపట్టి ఆపి చూశారు. రెండు, ఒకటి, ఖాళీ. ఆయన పాత జో అది, అచ్చంగా మాది. హెప్సి తల ఎత్తింది. కళ్ళు తెరిచి, కదలకుండా, ఏదో ఇంకా రావాల్సి ఉన్నట్టు ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

ఆయన నావైపు చూశారు. నేను తల దించుకున్నాను.

వేలు వదిలేశారు. పిల్ల కళ్ళు మూసుకుంది.